ఆడపిల్లలకు పాఠం, మగపిల్లలకు మైదానం: బడిలో లైంగిక విద్య ఎవరికి, ఎవరు చెప్పాలి?

సత్యవతి_ఒంగోలు

మా అబ్బాయి ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పోయిన శనివారం బడివారు ఒక లేడీ డాక్టరును పిలిపించి కౌమార ఆరోగ్యం మీద తరగతి పెట్టారు. ఆడపిల్లలందరినీ పైఅంతస్తు హాల్లో కూర్చోబెట్టి, తలుపులు వేసి, గంటన్నర సేపు మాట్లాడించారు. మగపిల్లలకు మాత్రం పీఈటీ మాస్టారి చేత ఒక ఫుట్‌బాల్ ఇప్పించి మైదానంలోకి పంపారు. సాయంత్రం వాడు ఇంటికి వచ్చి, "వాళ్లకేం చెప్పారమ్మా? అడిగితే ఒక్కరూ చెప్పడం లేదు, నవ్వుతున్నారు" అన్నాడు. ప్రిన్సిపాల్ గారిని అడిగితే, "మగపిల్లలకు ప్రత్యేకంగా చెప్పేదేముందండీ, వాళ్లకు అన్నీ వాటంతట అవే తెలుస్తాయి" అన్నారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఈ విషయం ఎత్తితే సగం మంది ఆడపిల్లలకు కూడా ఆ తరగతి అక్కర్లేదన్నారు, మిగిలిన సగం మంది మౌనంగా ఉండిపోయారు. పదమూడేళ్ల మగపిల్లవాడికి ఈ సంగతులు బడి చెప్పాలా, మేము చెప్పాలా? మేమే చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

హన్మకొండ_నాన్న

నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. ఇవి ఇంటి సంగతులు, ఇంట్లోనే ఉండాలి. నలభై మంది పిల్లల ముందు, ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి గంటన్నరలో చెప్పి వెళ్లిపోయే విషయం కాదిది. మా నాన్న నాకేమీ చెప్పలేదు, నేను పెరగలేదా? పిల్లలు అడగని ప్రశ్నలకు మనమే జవాబులు చెప్పి, లేని ఆలోచనలు రేకెత్తించడం దేనికి? ఆడపిల్లలకు నెలసరి గురించి తల్లి చెబుతుంది. మగపిల్లవాడికి సమయం వచ్చినప్పుడు తండ్రి చెబుతాడు.

గోదారిగట్టు

హన్మకొండ గారూ, మనం పెరిగిన మాట నిజమే. బస్టాండు గోడల మీద "గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స, ఫలానా లాడ్జిలో ప్రతి గురువారం" అన్న ప్రకటనలే మన పాఠ్యపుస్తకాలు. మీ నాన్నగారు మీకు చెప్పలేదు సరే, సమయం వచ్చినప్పుడు మీ అబ్బాయికి మీరు చెప్పారా?

జీవశాస్త్రం_మేడమ్

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. ముందుగా ఒక మాట: ఇది కొత్తగా తెచ్చి పెట్టవలసిన పాఠం కాదు. ఎనిమిదో తరగతి పుస్తకంలో కౌమార దశ పాఠం ఉంది, పదో తరగతి పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. మందార పువ్వును కోసి అండాశయం, కీలాగ్రం చూపించడానికి రెండు పీరియడ్లు తీసుకునే ఉపాధ్యాయులు మనుషుల దగ్గరకు వచ్చేసరికి "ఇది మీరు ఇంట్లో చదువుకోండి, పటం మాత్రం బాగా వేయడం నేర్చుకోండి" అని పేజీ తిప్పేస్తారు. పిల్లలు పటం చక్కగా వేస్తారు, భాగాలు తప్పులేకుండా గుర్తిస్తారు, ఆ భాగాలు తమ ఒంట్లోనూ ఉన్నాయన్న ప్రస్తావన మాత్రం రానివ్వరు.

కొన్నేళ్ల క్రితం మా బడిలో ఒక పాత అట్టపెట్టెకు పైన చిల్లు పెట్టి, పేరు రాయకుండా ప్రశ్నలు వేయమన్నాను. ఆడపిల్లల చీటీలే ఎక్కువ వస్తాయని అనుకున్నాను కానీ సగానికి పైగా మగపిల్లల చేతిరాతే. "నిద్రలో బట్టలు తడుస్తున్నాయి, ఇది జబ్బా, ఇంట్లో చెబితే కొడతారా" అని ఒకరు రాశారు. "నా ఛాతీ ఒక వైపు గట్టిపడి నొప్పిగా ఉంది, నేను అమ్మాయిగా మారిపోతానా" అని ఇంకొకరు రాశారు. ఆ రెండో చీటీ రాసిన పిల్లవాడు ఎవరో తర్వాత నాకు అర్థమైంది. వేసవిలో కూడా చొక్కా మీద స్వెటర్ వేసుకుని బడికి వచ్చేవాడు. యుక్తవయసులో చాలామంది మగపిల్లలకు హార్మోన్ల మార్పుల వల్ల ఛాతీ కొద్దిగా ఉబ్బుతుందనీ, సాధారణంగా ఏడాది రెండేళ్లలో అదే తగ్గిపోతుందనీ తరగతి మొత్తానికి చెప్పాను. రెండు వాక్యాలలో తీరే భయాన్ని ఆ పిల్లవాడు ఎన్నాళ్లు ఒంటరిగా మోశాడో ఆలోచించండి. వాటంతట అవే తెలుస్తాయని చెప్పిన ప్రిన్సిపాల్ గారికి ఆ చీటీలు చూపించాలని ఉంది.

సత్యవతి గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది: బడీ చెప్పాలి, మీరూ చెప్పాలి. మీ అబ్బాయి వచ్చి అడిగాడంటే తలుపు తెరిచే ఉందన్నమాట, వెంటనే మొదలుపెట్టండి.

మెడికల్_షాపు

మేడమ్ గారు చెప్పినదానికి నా కౌంటరు దగ్గర కనిపించే కొనసాగింపు ఒకటి ఉంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు షాపులో ఇంకెవరూ లేనంత వరకు ఆగి, బలానికి మందు కావాలని అడుగుతారు. నూరు చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమవుతుందని ఎవరో చెప్పి ఉంటారు. నీరసం, గుండెదడ, చదువు మీద ధ్యాస లేకపోవడం, అన్నింటికీ వీర్యం పోవడమే కారణమని నమ్మేస్తారు. మానసిక వైద్యులు దీనిని ధాత్ సిండ్రోమ్ అంటారు. 1960లో ఎన్.ఎన్. విగ్ అనే మన దేశపు వైద్యుడే దీనికి ఆ పేరు పెట్టారు. ఒంట్లో ఏ జబ్బూ లేని కుర్రవాడు నాటు వైద్యుడి చేతిలో వేలకు వేలు పోసి వస్తాడు. తండ్రి సమయం వచ్చినప్పుడు చెబుతాడన్నారు కదా, ఆ సమయం ఈ కుర్రాళ్ల ఇళ్లలో ఎవరికీ వచ్చినట్టు లేదు.

పాతకాపు

ముప్ఫై ఏళ్లకు పైగా ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ పాఠం ఎన్ని వేషాలు మార్చిందో దగ్గరుండి చూశాను కనుక పాత సంగతులు కొన్ని చెబుతాను, ఓపిక ఉన్నవారు చదవండి.

మొదట ఇది బడిలోకి వచ్చింది పిల్లల కోసం కాదు, దేశ జనాభా కోసం. 1980లో జాతీయ జనాభా విద్యా పథకం మొదలైంది. కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం, చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం, ఇద్దరు ముద్దు ఆపై వద్దు, ఇదీ మేము చెప్పిన పాఠం. పిల్లలు ఎందుకు తక్కువ ఉండాలో చెప్పాం, ఎలా పుడతారో చెప్పలేదు. ఎవరైనా అడిగితే బెంచీ ఎక్కించాం.

తర్వాత ఎయిడ్స్ భయం వచ్చింది. 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్యా కార్యక్రమాన్ని తీసుకువచ్చాయి. శిక్షణ పుస్తకాలు, ఫ్లిప్‌చార్టులు ముద్రించారు. ఆ బొమ్మల మీద గొడవ మొదలై 2007 నాటికి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, రాజస్థాన్ వంటి రాష్ట్రాలు మాకు ఈ కార్యక్రమం వద్దన్నాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీ ముందుకు వెళ్లింది. ఆ కమిటీకి అధ్యక్షులు మన నెల్లూరు వెంకయ్యనాయుడు గారు. మన సామాజిక, సాంస్కృతిక విలువల దృష్ట్యా పాఠశాలల్లో లైంగిక విద్యకు తావు లేదని 2009 నివేదికలో ఆ కమిటీ తేల్చింది. అదే ఏడాది యునెస్కో ఇదే విషయం మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. అందరూ ఆపేశారా అంటే లేదు. జార్ఖండ్ మాత్రం ఉడాన్ అన్న పేరుతో ప్రభుత్వ బడుల్లో ఈ పాఠాన్ని కొనసాగించింది.

2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల పోషణ, మానసిక ఆరోగ్యం, హింస, మత్తు పదార్థాలు అన్నింటినీ కలిపి, వాటిలో ఒకటిగా లైంగిక ఆరోగ్యాన్ని పెట్టారు. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో పదకొండు అంశాలున్నాయి. ఇంటర్నెట్‌ను జాగ్రత్తగా వాడుకోవడం, స్త్రీ పురుష సమానత్వం కూడా అందులో చేరాయి. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని, వీలైతే ఒకరు మగ, ఒకరు ఆడ ఉండాలని ఆ పథకంలోనే రాశారు. అంటే సత్యవతి గారు అడిగిన "మగపిల్లలకు ఎవరు చెప్పాలి" అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు ఎప్పుడో ఉంది. ఆ మగ ఉపాధ్యాయుడికి ఎన్నికల విధులు, భోజనం లెక్కలు పోను మిగిలిన సమయంలో ఈ పాఠం చెప్పాలి.

హన్మకొండ_నాన్న

పాతకాపు గారే చెప్పారు కదా, పెద్దల సభ కమిటీ కూర్చుని, అన్ని పక్షాల మాటా విని వద్దన్నదని. వాళ్లేమీ తెలియని వాళ్లు కాదు. నేను మగపిల్లల ఆరోగ్య సందేహాలు తీర్చవద్దని అనడం లేదు. ఛాతీ నొప్పి, గొంతు మారడం, నెలసరి వంటివి ఆరోగ్య పాఠంగా చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. గర్భనిరోధక సాధనాల గురించి తొమ్మిదో తరగతిలో చెప్పడం అంటే ఇక మీ ఇష్టం అని అనుమతి ఇచ్చినట్టే కదా? ఆ గీత ఎక్కడ గీస్తారన్నదే నా ప్రశ్న.

వకీలు_కర్నూలు

హన్మకొండ గారి ప్రశ్న న్యాయమైనదే, అయితే 2009 తర్వాత పరిస్థితి చాలా మారిందని గమనించాలి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్ల లోపు వారంతా పిల్లలే, ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా. 2020లో వచ్చిన పోక్సో నియమాల్లో, పిల్లలకు వయసుకు తగిన పాఠ్యాంశాలు తయారుచేసి వ్యక్తిగత భద్రత గురించి నేర్పాలని ప్రభుత్వాలకు బాధ్యత పెట్టారు.

కోర్టుల ధోరణి కూడా మారింది. పిల్లల అశ్లీల దృశ్యాలకు సంబంధించిన కేసులో 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో సమగ్ర లైంగిక విద్య అవసరమని, అది పాశ్చాత్య భావన అన్నది అపోహ అని చెప్పింది. 2025 అక్టోబరులో, పదిహేనేళ్ల అబ్బాయి నిందితుడిగా ఉన్న ఉత్తరప్రదేశ్ కేసులో, ఈ విద్య తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఇంకా చిన్న వయసు నుంచే ఉండాలని అన్నది. నిందితుడి వయసు మళ్లీ చూడండి.

నా వృత్తిలో నేను చూసే సంగతి ఒకటి చెబుతాను. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి ఊరు దాటిపోతారు. అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేస్తాడు. అమ్మాయి తనంతట తానే వెళ్లానన్నా చట్టం ముందు ఆ మాటకు విలువ లేదు. ఆ అబ్బాయి బాల నేరస్థుల న్యాయమండలి ముందు నిలబడి, ఇది నేరమని నాకు ఎవరూ చెప్పలేదంటాడు. అబద్ధం కాదు, నిజంగానే ఎవరూ చెప్పలేదు. తోటి విద్యార్థిని ఫొటోను మార్ఫింగ్ చేసి గ్రూపులో పెట్టిన తొమ్మిదో తరగతి పిల్లవాడి తల్లిదండ్రులు కూడా, ఆటకు చేశాడండీ అంటూనే వస్తారు. పిల్లల అశ్లీల చిత్రాలను నేరంగా చూసే ఐటీ చట్టం 67బి సెక్షన్‌కు ఆ ఆట సంగతి తెలియదు. మీ గీత ఎక్కడ గీసినా సరే, సమ్మతి, చట్టం, ఫోను, ఈ మూడూ గీతకు ఇవతల ఉండాలని మగపిల్లల తరపున అడుగుతున్నాను.

చిమ్మిలి

ఇంటి సంగతులు ఇంట్లోనే ఉండాలన్న మాట చదివి నవ్వు వచ్చింది. నేను పెద్దమనిషినైనప్పుడు మా ఇంట్లో నన్ను చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి ముద్దలు తినిపించి, నా కంచం, గ్లాసు వేరు చేసి, పదకొండో రోజున ఊరంతా పిలిచి ఫంక్షన్ చేశారు. మా వీధి మలుపులో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు, అందులో ఒక మూల స్థానిక నాయకుడు చేతులు జోడించి ఉన్నాడు. ఊరంతటికీ ప్రకటించిన ఆ విషయం ఏమిటో, ఎందుకు జరుగుతుందో, ఎన్ని రోజులకు మళ్లీ వస్తుందో నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండో నెల వచ్చినప్పుడు ఫంక్షన్ అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు వచ్చిందని ఏడ్చాను. మా తమ్ముడు ఆ పదకొండు రోజులూ అక్కకు ఏమైందని అడుగుతూనే ఉన్నాడు, నీకెందుకురా అన్నదే వాడికి దొరికిన జవాబు. వాడికి కూడా పంచెల ఫంక్షన్ చేశారు, అందులో పంచె తప్ప ఏమీ చెప్పలేదు.

గోదారిగట్టు

ఫ్లెక్సీ మీద నాయకుడికి కూడా ఆ విషయం మీద అవగాహన తరగతి పెట్టి ఉండవలసింది.

ప్రకాశం_ఏఎన్ఎం

హన్మకొండ గారు గర్భనిరోధకం గురించి చెబితే అనుమతి ఇచ్చినట్టే అన్నారు. నేను ఊళ్లో ఆరోగ్య కార్యకర్తను (ఏఎన్ఎం), చెప్పకపోవడం వల్ల ఏమవుతుందో నా రిజిస్టరులో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో అది 23.5 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిలలో సర్వే నాటికే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు కలిపి దేశం మొత్తం మీద 6.8 శాతం ఉంటే మన రాష్ట్రంలో 12.6 శాతం. ఇవి బడి నుంచి చెడిపోయి వచ్చిన పిల్లల లెక్కలు కావు. చాలావరకు పెద్దలు ముహూర్తం పెట్టి చేసిన పెళ్లిళ్ల లెక్కలు. పెళ్లయ్యే దాకా ఏమీ తెలియకూడదంటారు, పదహారేళ్లకే పెళ్లి చేస్తారు. ఇక ఆ పిల్లకు తెలిసేది ఎప్పుడు?

వలస పనులకు వెళ్లే కుటుంబాలు ఆడపిల్లను ఒంటరిగా వదలలేక పెళ్లి చేసేస్తాయి. నా దగ్గరకు మూడో నెలలో తీసుకువస్తారు. ఆధార్ కార్డు అడిగితే ఇంట్లో మరచిపోయామంటారు. వయసు బయటపడితే పోలీసు కేసవుతుందని భయం. అందుకని అసలు ఆసుపత్రికే రాని వాళ్లు ఎందరో. పన్నెండు, పదమూడేళ్లకే బడిలో వారానికి ఒక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం. అది ఎందుకో కూడా సరిగ్గా చెప్పరు, పిల్లలు దానిని కిటికీలోంచి విసిరేస్తారు. మాత్ర ఇచ్చే పది నిమిషాలనే పాఠానికి వాడుకోమని నేను ఉపాధ్యాయులను అడుగుతుంటాను.

వకీలు_కర్నూలు

ఏఎన్ఎం గారు చెప్పిన భయానికి కొంత ఉపశమనం ఉంది. మైనరు బాలిక గర్భస్రావం కోసం వచ్చినప్పుడు, ఆమె లేదా సంరక్షకులు కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు, గుర్తింపు వివరాలు వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. ఈ సంగతి చాలామంది డాక్టర్లకే తెలియదు.

శాన్‌హోసే_తెలుగు

ఇక్కడ కాలిఫోర్నియాలో 2016 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఏడో తరగతి నుంచి పన్నెండు లోపు కనీసం రెండు సార్లు, మిడిల్ స్కూల్లో ఒకసారి, హైస్కూల్లో ఒకసారి ఈ విద్య చెప్పాలి. తల్లిదండ్రులకు ముందుగా తెలియజేస్తారు. పాఠ్య సామగ్రి వెళ్లి చూడవచ్చు, మా పిల్లకు వద్దని రాసి ఇస్తే ఆ తరగతి నుంచి మినహాయిస్తారు. మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా సత్యవతి గారి గ్రూపులో లాగే గొడవ జరిగింది. చూడకుండానే మినహాయింపు ఉత్తరం నమూనా పంచుకున్నవారు కొందరున్నారు.

నేను వెళ్లి చూశాను. కొన్ని పేజీలు నాకు ఇబ్బందిగా అనిపించిన మాట నిజం, ముఖ్యంగా అంత చిన్న వయసుకు అంత వివరం అవసరమా అనిపించింది. కానీ స్నేహితుడు ఒత్తిడి చేస్తే ఎలా కాదనాలి, కాదన్న మాటను ఎలా వినాలి అన్న భాగం మాత్రం నేనే నేర్చుకోవలసింది. ఇంటిపనిగా తల్లిదండ్రులతో మాట్లాడి రాయమని కొన్ని ప్రశ్నలు ఇచ్చారు. మా అమ్మాయి, నేను వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఆ కాగితం పూర్తి చేశాం. మా ఆవిడ మాత్రం చపాతీలు చేస్తూ జవాబుల్లో తప్పులు దిద్దింది. హన్మకొండ గారు కోరుకున్నట్టు ఇంట్లో సంభాషణ జరిగింది, కానీ దాన్ని మొదలుపెట్టించింది బడే.

సత్యవతి_ఒంగోలు

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. గ్రూపులో అందరూ నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: చెబితే పిల్లలు తొందరపడరా? దీనికి నేనేం చెప్పాలి? ఇంకొకటి, వాడితో ఈ మాట మొదలుపెట్టమంటే మావారు పేపరు తిరగేస్తూ కూర్చుంటున్నారు. తల్లి చెబితే మగపిల్లవాడు వింటాడా?

జీవశాస్త్రం_మేడమ్

మొదటి ప్రశ్నకు: అనేక దేశాల పరిశోధనలన్నీ పరిశీలించి యునెస్కో 2018లో మార్గదర్శకాలను సవరించింది. ఈ విద్య వల్ల పిల్లలు తొందరపడరని, చాలా చోట్ల లైంగిక సంబంధాలు మొదలయ్యే వయసు ఆలస్యమైందని అందులో ఉంది. పెళ్లి దాకా ఆగండి అన్న ఒక్క మాటతో సరిపెట్టిన కార్యక్రమాలు మాత్రం ఆ పని చేయలేకపోయాయి. గ్రూపులో ఇదే పెట్టండి.

రెండో ప్రశ్నకు: వింటాడు. కాకపోతే ఎదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు, ముఖాలు చూసుకోనక్కర్లేని చోట రెండు మాటలు చెప్పి ఆపేయండి. ఆడపిల్లలకు చెప్పినదంతా వాడికీ చెప్పండి. నెలసరి అంటే ఏమిటో తెలిసిన మగపిల్లవాడు తరగతిలో స్కర్టు మీద మరక చూసి నవ్వడు. మా బడిలో కొన్ని భాగాలు విడివిడిగా, కొన్ని కలిపి చెబుతాం. వ్యక్తిగత సందేహాలు విడిగా తీరుస్తాం. ఎదుగుదల, గౌరవం, ఫోను, చట్టం కలిపే చెబుతాం. తలుపులు వేసి సగం తరగతికి చెప్పిన రహస్యం, మిగతా సగానికి ఎగతాళి చేయడానికే పనికివస్తుంది.

పాతకాపు

మేడమ్ గారి ప్రశ్నల పెట్టెకు ఒక హెచ్చరిక చేర్చాలి. ఆ పెట్టెలో ఏదో ఒక రోజు సందేహం కాకుండా ఫిర్యాదు పడుతుంది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో, మాట్లాడిన పిల్లల్లో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. వారిలో సగానికి పైగా మగపిల్లలే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాలలో ఒకటి. వేధించినవారిలో చాలామంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు. ఇంటి సంగతి ఇంట్లోనే అన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఈ చివరి సంగతే.

వకీలు_కర్నూలు

అలాంటి చీటీ పడితే ఉపాధ్యాయుడు దాచకూడదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు సమాచారం ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు శిక్ష, సంస్థ అధిపతికైతే ఏడాది వరకు. బడి పరువు పోతుందని రాజీ చేసే ప్రధానోపాధ్యాయులు ఇది గుర్తుంచుకోవాలి. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయడం కూడా మొదటి అడుగుగా పనికివస్తుంది.

మా_చిట్టి_అమ్మ

మా అమ్మాయికి పదిహేనేళ్లు, బుద్ధిమాంద్యం ఉంది. ఎవరు దగ్గరకు పిలిచినా వెళ్లి కూర్చుంటుంది, ఎవరైనా ముద్దుగా మాట్లాడితే చేయి పట్టుకుంటుంది. ఇన్ని పథకాలు, ఇన్ని తీర్పులు చెప్పారు కదా, ఇలాంటి పిల్లలకు ఎలా చెప్పాలో ఎక్కడైనా ఉందా? మా బంధువులు ఆపరేషన్ చేయించి గర్భసంచి తీసేయమంటున్నారు. తీసేస్తే నెలసరి ఆగుతుంది, మనుషుల ప్రవర్తన ఆగదు కదా.

ప్రత్యేక_పంతులమ్మ

మీ ఆలోచన సరైనదే, ఆ ఆపరేషన్ రక్షణ కాదు. మా దగ్గర ఇలాంటి పిల్లలకు మాటలతో కాకుండా చేయించి నేర్పుతాం. ఒక పెద్ద బొమ్మ మీద, స్నానం చేయించేటప్పుడు అమ్మ తాకే చోట్లు, డాక్టరు అమ్మ ఉన్నప్పుడు మాత్రమే తాకే చోట్లు రంగులతో గుర్తించి, ప్రతిరోజూ అదే వరుసలో చూపిస్తాం. నమస్కారం ఎవరికి, చేయి కలపడం ఎవరితో, కౌగిలి ఎవరికి అన్నది ఇంట్లోవాళ్ల ఫొటోలు అంటించి నేర్పుతాం. "వద్దు" అని గట్టిగా అరవడం ఆటలా సాధన చేయిస్తాం. నెలలు పడుతుంది, కానీ వస్తుంది. ఒక ముఖ్యమైన నియమం ఉంది: ఆమె వద్దన్నప్పుడు ఇంట్లోవాళ్లు కూడా ఆగాలి. మేనమామ ముద్దు పెట్టుకోబోతే వద్దన్న పిల్లను తిట్టి, బయటివాళ్లకు మాత్రం వద్దని చెప్పమంటే ఆమెకు అర్థం కాదు.

హన్మకొండ_నాన్న

నా గీత ఉన్నచోటే ఉంది, పదో తరగతి లోపు గర్భనిరోధకం వివరాలు వద్దనే అంటాను. ఏఎన్ఎం గారి అంకెలకు నా సమాధానం పెళ్లిళ్లు ఆపడం. తెలంగాణలో ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే కళ్యాణలక్ష్మి పథకానికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలన్న షరతు పెట్టారు, అటువంటివి ఇంకా రావాలి. చట్టం, ఫోను, వేధింపు గురించి మగపిల్లలకు చెప్పాలన్న వకీలు గారి మాట ఒప్పుకుంటాను. కానీ శాన్‌హోసే గారి ఊళ్లో ఉన్నట్టు మేము ముందుగా పాఠం చూసే ఏర్పాటు ఇక్కడ ఎక్కడుంది? మా పిల్లలకు ఏం చెప్పారో పిల్లలను అడిగి తెలుసుకోవలసి వస్తోంది.

జీవశాస్త్రం_మేడమ్

అది న్యాయమైన కోరిక, మా బడిలో అమలు చేస్తున్నాం. తరగతి పెట్టే ముందు వారంలో తల్లిదండ్రుల సమావేశంలో చార్టులు, వీడియో, మేము చెప్పబోయే మాటలు అన్నీ చూపిస్తాం. ఒక తాతగారు లేచి గర్భాశయం బొమ్మ తీసేయమన్నారు. పక్కనున్న ఆయన భార్య, తీసేస్తే నువ్వు ఎక్కడి నుంచి వచ్చావని చెబుతారు అని అడిగేసరికి సమావేశం తేలికపడింది. ఇబ్బంది ఒక్కటే, వచ్చేది దాదాపు అందరూ అమ్మలే. తండ్రులు హైదరాబాదులోనో బెంగుళూరులోనో పనుల మీద ఉంటారు, ఊళ్లో ఉన్నవారు సంతకానికి భార్యను పంపుతారు. అందుకని ఈ సారి సమావేశాన్ని సంక్రాంతి సెలవుల్లో, కనుమ మర్నాడు పెడుతున్నాం. వలస వెళ్లినవాళ్లంతా అప్పటికి ఊళ్లోనే ఉంటారు. మగపిల్లల భాగాన్ని మా లెక్కల మాస్టారు చెబుతానన్నారు. ఆయనకు ముందుగా ఆ చీటీలు చదవడానికి ఇచ్చాను.